బతికున్నవాడి రాయి

ఊటగుంపు ఊరు దాటి వాగు రేవుకు దిగే బాట పక్కన, చింతల నీడలో, చచ్చిపోయినవాళ్ల రాళ్లుంటాయి. మోకాలెత్తువి కొన్ని, మనిషెత్తువి కొన్ని. చివర రెండు రాళ్లు పక్కపక్కనే నిలబడి ఉంటాయి. ఒకటి దూలయ్యది, రెండోది పగిడయ్యది. దూలయ్య ఒళ్లు ఆ రాయి కింద లేదు, వాగు దాన్ని తిరిగివ్వనే లేదు. పగిడయ్య మాత్రం రోజూ తెల్లవారగానే వచ్చి తన రాయి దగ్గర కూర్చుని చుట్ట కాలుస్తాడు. కొత్తగా వచ్చిన టీచరొకాయన "ఈ రాయి ఎవరిదయ్యా?" అని అడిగితే "నాదే సారూ" అన్నాడట. ఆ సారు వారం తిరక్కుండానే బదిలీకి అర్జీ పెట్టుకున్నాడని ఊళ్లో చెప్పుకుని నవ్వుతారు. నవ్వుతారు గానీ, పొద్దుగూకాక ఆ బాటన పగిడయ్యతో కలిసి నడవమంటే ఎవరూ ముందుకు రారు.

పగిడయ్య చర్ల అడవుల్లో పుట్టి పెరిగిన కోయవాడు. తండ్రి వదిలిపోయిన ఆస్తి ఒక దోనె. ఒకే మద్ది మానును గొడ్డలితో తొలిచి, నిప్పుతో కాల్చి చేసింది. వానలు పడ్డాక ఊటగుంపుకు బయటి లోకమంటే ఆ దోనే. ఉప్పు, కిరసనాయిలు, సంత, దవాఖానా, అన్నీ వాగు అవతలే. పంట ఇంటికొచ్చాక ప్రతి ఇంటివాళ్లూ పగిడయ్యకు ఇంత ధాన్యం పెట్టేవారు. మనిషి మంచివాడు, పాటగాడు, నలుగురిని నవ్వించేవాడు. పనంటేనే ఒళ్లు బరువు. ఇంటి కప్పుకు గడ్డి మార్చాలన్నా రేపే, పోడు చేనుకు కంచె కట్టాలన్నా రేపే. పెళ్లాం ఎర్రమ్మ అరిచి అరిచి గొంతు పోగొట్టుకోవడమే తప్ప, ఈయన కూర్చున్న చోటు నుంచి కదిలింది లేదు.

ఒక ఏడు ఎండాకాలం దోనె ముక్కు దగ్గర పర్రె విచ్చింది. గుగ్గిలం కాచి పోసి, పైన రేకు కొడితే సరిపోయే పని. పగిడయ్య అక్క పుల్లమ్మను అదే ఊళ్లో దూలయ్యకిచ్చారు. ఆమె రేవులో బట్టలుతుకుతూ అది చూసింది.

"తమ్మీ, ఆ పర్రెకు గుగ్గిలం పెట్టరాదు? వాగొచ్చినంక ఏం చేస్తవ్?"

"పెడ్తలే అక్కా. వానలేడున్నయ్ గిప్పుడు? రేపు చూస్త."

ఆమె ఇంకోసారి కూడా అడిగింది. అదే జవాబు. ఈలోగా వానలు దిగాయి. పగిడయ్య పర్రెలో గుడ్డపేలికలూ బంకమట్టీ కుక్కి, కారిన నీళ్లను సొరబుర్రతో తోడిపోస్తూ రోజులు నెట్టుకొచ్చాడు. జనం కూడా అలవాటు పడిపోయారు.

ఒక సంత రోజు ముసురు పట్టి ఉంది. ఊళ్లో ఎవరూ కదల్లేదు. బావామరుదులిద్దరే వాగు దాటి చర్ల పోయారు. సాయంత్రానికి పగిడయ్యకు ఒళ్లు సలసలా కాగుతోంది. దానికి మందని ఇప్పసారా పట్టించాడేమో, లేచే ఓపిక లేదు.

"నువ్వు పో బావా, దోనె తీస్కపో. నేను పొద్దుగాల ఎట్లనన్నా వస్త" అన్నాడు.

ఆ ఉదయం వస్తున్నప్పుడే పర్రెలో మట్టి చాలావరకు కరిగిపోయింది. ఆ సంగతి పగిడయ్యకు తెలుసు. బావకు చెప్పలేదు. మరిచిపోయాడో, చెబితే తనే లేచి గడ పట్టాల్సి వస్తుందని ఊరుకున్నాడో, అతనికే ఈనాటికీ తేలలేదు.

ఇవతలి గట్టున పశువులు తోలుకొస్తున్నవాళ్లకు వాన తెరలోంచి దోనె నడివాగులో తిరగబడటం కనిపించింది. అందులో ఎవరున్నారో ఆనలేదు. పొద్దున సంతకు పోయింది ఇద్దరు. పగిడయ్య తన గడను ఇంకొకరి చేతికిచ్చిన రోజు లేదు. కాబట్టి ఇద్దరూ పోయారనే అనుకున్నారు. అనుకోకుండా ఎలా ఉంటారు? ఆపైన గోదావరి నిండి, వాగు నీళ్లు దిగే దారిలేక వెనక్కి తన్నాయి. ఊటగుంపు లంకైపోయింది. పోయే మనిషి లేడు, వచ్చే కబురు లేదు.

అదే సమయంలో పగిడయ్య భద్రాచలం దవాఖానాలో తన పేరు కూడా తెలియకుండా పడి ఉన్నాడు. సారా అమ్మే ముసలామె అరుగు మీద వణుకుతుంటే ఎవరో పుణ్యాత్ములు జీపులో పడేసి తీసుకుపోయారు. మలేరియా మెదడుకెక్కిందన్నారు. మనిషి మళ్లీ మనిషై, కర్ర పట్టుకుని నడవగలిగేసరికి వానలు వెనకబట్టాయి. చర్ల దాకా బస్సులో వచ్చి, అక్కడి నుంచి నడిచి, నడుం లోతు వాగు దాటి రేవెక్కాడు. ఎక్కగానే కొత్త రాళ్లు రెండు కనిపించాయి.

'ఎవరు పోయిండ్రో పాపం' అనుకున్నాడు మొదట.

కోయల్లో పోయినవాడి పేరిట ఆవును కోసి, దాని తోకను రాయికి కడతారు. రెండో రాయికి వేలాడుతున్న తోక చివర తెల్లటి కుచ్చు ఉంది. అలాంటి తోకున్న ఆవు ఆ ఊళ్లో ఒకటే. తను లేగప్పటి నుంచి పెంచిన తన బూడిద ఆవు. దానికిందే తన గళ్ల తువ్వాలు మడిచి పెట్టి ఉంది. పక్క రాయి మొదట్లో దూలయ్య కత్తి ఉంది. పగిడయ్యకు అన్నీ ఒకేసారి అర్థమయ్యాయి. అక్కడే కూలబడ్డాడు. తన చావు దగ్గర తనే కూర్చుని, పొద్దు గుట్టల వెనక్కి దిగేదాకా లేవలేకపోయాడు.

ఇంటికి పోతే ఎర్రమ్మ కెవ్వుమని తడిక వేసుకుంది. ఊరంతా పోగై, దూరంగా నిలబడి చూసింది. చివరికి వడ్డె ముసలయ్య వచ్చాడు. వడ్డె అంటే ఊరి దేవతలకూ, చచ్చిపోయిన పెద్దలకూ పూజ చేసేవాడు. ఒక ముల్లు తెప్పించి పగిడయ్య మడమలో గుచ్చాడు. రక్తం వచ్చింది.

"నెత్తురున్నది. మనిషే" అన్నాడు.

అప్పుడు ఏడ్చారు, నవ్వారు, నీళ్లిచ్చారు. పుల్లమ్మ మాత్రం తన గుమ్మంలోంచి లేవలేదు. పగిడయ్యే వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు.

"మీ బావేడి?" అంది.

"నేను ఆ దోనెల రాలే అక్కా. బావనొక్కణ్ణే పంపిన."

ఆమె తమ్ముడి మొహంలోకి చూసి, లోపలికి వెళ్లి తడిక మూసుకుంది. ఒకే రోజు మొగుడికీ తమ్ముడికీ ఏడ్చిన మనిషి. తిరిగొచ్చినవాణ్ణి చూసి సంతోషపడితే రానివాడికి ద్రోహం చేసినట్టుంటుంది. పడకపోతే తోడబుట్టినవాడు. ఆమె ఏం చేయగలదు?

రాయి పీకేద్దామని ఎర్రమ్మ ముసలయ్య కాళ్లు పట్టుకుంది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"పేరు పెట్టి పిలిచి పెద్దల్ల కలిపినం. కలిపినంక మళ్ల తీసుడు లేదు. పీకితే ఆ జాగాలకు ఇంకొకడు పోవాలె."

అలా రాయి ఉండిపోయింది, పగిడయ్యా ఉండిపోయాడు. కానీ ఊరు అతన్ని బతికున్నవాళ్లలో లెక్కేయలేదు. పిల్లల్ని ఎత్తుకోబోతే తల్లులు లాక్కునేవారు. చుట్టకు నిప్పడిగితే కొరకంచును కింద పెట్టేవారు, చేతికిచ్చేవారు కాదు. ఎర్రమ్మ అన్నం పెట్టి అవతలికి జరిగేది, పక్క వేరే వేసుకునేది. మెలకువలో ఎంత ధైర్యం చెప్పుకున్నా, నిద్రలో అతని చేయి తగిలితే ఉలిక్కిపడి లేచి కూర్చునేది. అది తప్పని ఆమెకు తెలుసు, అయినా ఒళ్లు వినేది కాదు.

ఒకనాడు పగిడయ్య అడిగాడు. "నా దినం నాడు నన్నేమని ఏడ్చిండ్రే?"

వాళ్లలో ఆడవాళ్లు చచ్చినవాడు చేసిన పనులు చెప్పుకుంటూ ఏడుస్తారు. ఎర్రమ్మ అతని ముందు అన్నం పెట్టి అవతలికి జరిగింది.

"పుల్లమ్మ వదినెనే ఏడ్చింది ఇద్దరికి. దూలయ్యన్నకు పొద్దుగూకేదాక చెప్పింది. ఎవరి చేనుకు కంచె గట్టిండు, ఎవరి బిడ్డను భుజం మీద ఏస్కొని చర్ల మోసిండు, అన్నీ."

"నాకు?"

"నీ పాట చెప్పింది. ఇగ చెప్పనీకి ఏం దొరకలే. ఊకెనే కూసున్నది."

పగిడయ్య అన్నం ముందునుంచి లేచిపోయాడు. జ్వరం, వాగు, రాయి చేయలేని పని ఆ మాట చేసింది. చచ్చిపోవడం కంటే, చచ్చిపోతే చెప్పడానికి ఏమీ లేకపోవడం అతన్ని ఎక్కువ భయపెట్టింది. మనందరి రాయీ ఏదో గుట్టలో పడే ఉంటుంది. ఏ గుట్టో తెలియదు కనుక హాయిగా తిరుగుతుంటాం. పగిడయ్యకు ఆ హాయి లేదు. అతని రాయి బాట పక్కనే ఉంది, అతని పేరు పిలిచి నిలిపింది.

మర్నాడు గొడ్డలి పట్టుకుని అడవిలోకి పోయాడు. వాగు పైపాయ గట్టున లావాటి మద్ది మాను ఎంచుకున్నాడు. కొట్టడానికి తోడు రమ్మంటే ఎవరూ రాలేదు, చచ్చినవాడితో కలిసి గొడ్డలి వేస్తే కీడంటారు. ఒక్కడే పడగొట్టాడు, ఒక్కడే తొలిచాడు. మాను కడుపులో నిప్పేసి, కాలినంత మేర చెక్కి, మళ్లీ నిప్పేసేవాడు. చలికాలం పోయింది, ఇప్పపూలు రాలి పోయాయి, అతను ఆ మాను దగ్గరే ఉన్నాడు. పని సాగుతున్నంతసేపు వీపు వెనక సొరబుర్రతో నీళ్లు తోడుతున్న చప్పుడు వినిపించేది. బుడుంగు, బుడుంగు. తిరిగి చూస్తే ఎండుటాకులు. మొదట్లో వణికాడు. తర్వాత తర్వాత గొడ్డలి ఆపకుండానే "అయితాంది బావా, అయితాంది" అనేవాడు. పోలీసు క్యాంపు వాళ్లు ఒకసారి చూసి, ఎవరితో మాట్లాడుతున్నావని నిలదీశారు. చెబితే వాళ్లకూ చెమటలు పట్టాయి.

మొదలుపెట్టిన పనిని సగంలో విడిచి ఆకాశం వంక చూసే అలవాటు పోయింది. ఇంటి కప్పుకు కొత్త గడ్డి పడింది. పుల్లమ్మ చేనుకు కంచె కూడా పడింది. ఆమె వద్దనలేదు, మాట్లాడనూ లేదు.

వానలకు ముందే దోనె రేవులో దిగింది. చుక్క నీరు కారలేదు. కానీ ఎవరూ ఎక్కలేదు. చచ్చినవాడి దోనె ఏ గట్టుకు చేరుస్తుందో ఎవరికి తెలుసని భయం. వాగు తగ్గేదాకా కాచుకుని, లేదంటే గుట్టల మీదుగా చుట్టూ తిరిగి పోయేవారు. పగిడయ్య రోజూ ఖాళీ దోనెను అవతలి గట్టుకు నడిపి, ఖాళీగానే తీసుకొచ్చేవాడు. ఎవరైనా ఒక్కరు ఎక్కితే తను బతికున్నట్టే. ఎక్కకపోతే ఆ రాయి చెప్పేదే నిజం. వానకాలమంతా ఆ ఒక్కరి కోసం ఎదురుచూశాడు.

కొత్తల పండుగ వచ్చింది. కొత్త ధాన్యం ముందు పెద్దలకు పెట్టందే బతికున్నవాళ్లు ముట్టరు. రాళ్ల దగ్గర ముసలయ్య ఒక్కొక్క పేరే పిలుస్తూ ఇప్పసారా ధార పోస్తున్నాడు. దూలయ్య పేరు పిలిచాడు. తర్వాతి రాయి దగ్గర ఆగిపోయాడు.

"పిలువకు తాతా! పిలిస్తే ఎల్లిపోతడు" అని ఎర్రమ్మ ఏడ్చింది.

"పిలువకుంటే పెద్దలూకుంటరా? ఊరికంతా కీడు" అన్నారు వెనక నుంచి.

ముసలయ్య పుల్లమ్మ వైపు తిరిగాడు. "ఇద్దరికి ఏడ్చింది నువ్వే బిడ్డా. నువ్వు చెప్పు."

ఏడాదికి పైగా తమ్ముడి ఊసెత్తని పుల్లమ్మ లేచి నిలబడింది.

"పిలువు తాతా. నా మొగని పేరు ఎన్నిసార్లు పిలిచినా వినేటోడు లేడు. వీడు వింటడు. విననియ్."

ముసలయ్య పిలిచాడు. సారా ధార రాయి మీద పడింది. పగిడయ్య పళ్లు బిగబట్టి నిలబడ్డాడు. అందరూ అతను పడిపోతాడేమోనని చూశారు. పడలేదు.

మర్నాడు తెల్లవారుతూనే పుల్లమ్మ రేవుకొచ్చింది. కొత్త బియ్యం ఆకులో చుట్టి పట్టుకుంది. దోనెలో ఎక్కి, అతని కాళ్ల దగ్గర కూర్చుంది. గట్టు మీద జనం బిగుసుకుపోయి చూస్తున్నారు. పగిడయ్య గడ వేశాడు. నడివాగుకు వచ్చాక ఆమె అడిగింది.

"గిక్కడనేనా?"

"నేను సూడలే అక్కా. నేను లేను గద" అన్నాడు.

ఆమె ఆకు విప్పి బియ్యం నీళ్లలో వదిలింది. వాగు గింజల్ని ఒక్క క్షణంలో లాక్కుపోయింది. దోనె కొద్దిగా ఊగింది.

"జల్దీ పోనియ్ తమ్మీ. నాకు భయమైతాంది" అని చటుక్కున అతని కాలు పట్టుకుంది.

తిరిగొచ్చాక ఒక మనిషి చేయి కావాలని అతన్ని తాకడం అదే మొదలు. ఆ చేయి చల్లగా ఉంది. అది జారిపోతుందేమోనని పగిడయ్య ఆ కాలు కదపకుండా అవతలి గట్టు దాకా గడ వేశాడు.