నాలుగో పాటలో ఖాళీ

రికార్డింగ్ స్టూడియోలో పనిచేసిన పదకొండేళ్లూ ఆమెను అందరూ బ్లేడక్క అనే పిలిచారు. టేపును బ్లేడుతో కోసి, అక్కర్లేని ముక్క తీసేసి, మిగిలిన రెండు కొసలనూ అతికించడం ఆమె పని. ఆ స్టూడియో మూతపడి, పాటల కంపెనీ ఆఫీసులో ఒక కుర్చీ దొరికాక కూడా ఆ పేరు ఆమె వెంటే వచ్చింది. కొత్తగా చేరినవాళ్లకు టేపు సంగతి తెలియదు. మాటలతో జనం ప్రాణం తీస్తుంది కాబోలు, అందుకే ఆ పేరు పెట్టారనుకునేవాళ్లు. ఆమె ఎప్పుడూ దిద్దలేదు. అలాగే అనుకోనీ, నా బల్ల దగ్గరికి కబుర్లకు రారు అని సంతోషించింది.

ఆమెకు యాభై ఆరో ఏడు నడుస్తుండగా కంపెనీ ఒక పాత ర్యాప్ ఆల్బమ్‌ను మళ్లీ విడుదల చేయాలనుకుంది. పేరు ‘అద్దె గదిలో వాన’. ముప్ఫై ఏళ్ల కిందట ముగ్గురు స్నేహితులు చేసింది. అప్పట్లో ర్యాప్ అంటే కార్లు, మెడలో గొలుసులు, నా అంతటి మొనగాడు లేడన్న గొప్పలు. వీళ్లు అవేవీ ముట్టుకోకుండా, కారే కప్పు గురించీ, బస్సులో నిలబడి నిద్రపోయే గుమాస్తా గురించీ, పాత బాకా రికార్డుల్లోంచి తీసిన ముక్కలు వెనక మోగుతుంటే నింపాదిగా మాట్లాడుకుంటూ పోయారు. వచ్చిన ఏడాది దాన్ని పట్టించుకున్న నాథుడు లేడు. పదేళ్లు తిరిగేసరికి అది వినలేదని చెప్పుకోవడమే నామోషీ అయిపోయింది.

ఆల్బమ్‌తో పాటు ఒక చిన్న పుస్తకం ఇస్తామనీ, అందులో శ్రోతల అభిప్రాయాలు నలభై వేస్తామనీ కంపెనీ ప్రకటించింది. రెండు వేల ఆరు వందలు వచ్చిపడ్డాయి. ఏరే పని బ్లేడక్క నెత్తిన పెట్టారు.

మొదటి రోజు మధ్యాహ్నానికే ఆమెకు మనుషుల మీద విరక్తి పుట్టింది. ఈ ఆల్బమ్ నా జీవితాన్ని మార్చేసిందని నాలుగు వందల మంది రాశారు. ఎలా ఉన్న జీవితం ఎలా మారిందో ఒక్కరూ రాయలేదు. మొదటి విడతలోనే కొన్నామని తొమ్మిది వందల మంది ఒట్టేసి చెప్పారు. ఆ విడతలో తయారైనవే మూడు వందలని ఆమెకు తెలుసు. కొందరు పాటలను గాలికొదిలేసి, తమను వదిలిపోయిన అమ్మాయి గురించి రెండేసి పేజీలు ఏడ్చారు. ఇంకొందరు తెలివిమంతులు, వీళ్ల రెండో ఆల్బమే అసలైన గొప్పది అన్నారు. రెండోది విన్నవాళ్లే లేరు కాబట్టి ఎదురు చెప్పేవాళ్లూ లేరు.

“ఏడిశారులే,” అని ఒక్కొక్కటే పక్కన పడేసింది.

ఇవన్నీ ఒక ఎత్తు, నాలుగో పాట ఒక ఎత్తు. ఆ పాట రెండో చరణం మధ్యలో డ్రమ్ము ఆగిపోతుంది. గొంతూ ఆగిపోతుంది. ఎక్కడో కుర్చీ కిర్రుమంటుంది. మళ్లీ హఠాత్తుగా పాట అందుకుంటుంది. ఆ ఖాళీ గురించి వెయ్యి మందికి తక్కువ కాకుండా రాశారు. అది గొంతు లేనివాళ్ల గొంతట. ఆ కిర్రు, అధికార పీఠం కదిలిన చప్పుడట.

అది పీఠం కాదు, స్టూడియోలో మూడు కాళ్ల మీద నిలబడే ప్లాస్టిక్ కుర్చీ. అసలు జరిగింది వేరు. ఆ రోజు బ్లేడక్కకు జ్వరం. ఉంచాల్సిన ముక్క చెత్తబుట్టలో వేసి, పారేయాల్సింది బల్ల మీద ఉంచింది. తేరుకునేలోపు ఊడ్చే మనిషి బుట్ట ఖాళీ చేసుకుపోయింది. రెండు వాక్యాలు పోయాయి. మళ్లీ పాడిద్దామంటే ముగ్గురిలో ఆ చరణం పాడినవాడు అంతకు ముందు వారమే పోట్లాడి వెళ్లిపోయాడు. భయంతో, ఎవరూ పాడనప్పటి గది శబ్దం ఎక్కిన టేపును కంటి అంచనాతో కోసి ఆ చోట అతికించేసింది.

సాయంత్రం బృందంలో పొడుగాయన విని, “ఇదేంటక్కా ఇక్కడ?” అన్నాడు.

“అలా ఆగితే బాగుంటుందనిపించింది,” అని అబద్ధమాడింది.

అతను కాసేపు గడ్డం గోక్కుని, “ఉండనీ,” అన్నాడు.

అప్పట్నుంచీ ఎవరు ఆ ఖాళీని పొగిడినా ఆమెకు చెంప మీద కొట్టినట్టే ఉండేది. తన చేతిలో జరిగిన తప్పుకు దండలు వేసే ఈ జనం, ఇంక దేన్ని మెచ్చుకుంటే మాత్రం ఎవరు నమ్ముతారు?

మూడో రోజు ‘ఒక నిశ్శబ్ద శ్రోత’ పంపిన ఐదు పేజీల అభిప్రాయం చేతికొచ్చింది. పేజీకి మూడుసార్లు ‘ఒక విధంగా చెప్పాలంటే’ అని ఉంది. ఆమెకు వెంటనే అర్థమైంది. అది కింద వాటాలో ఉండే మరిది. కాలేజీలో పాఠాలు చెబుతాడు. అన్నం వడ్డించమని అడగడానికి కూడా అదే మాటతో మొదలుపెడతాడు.

ఇంటికెళ్లి అడిగేసింది. “నిశ్శబ్ద శ్రోతవి నువ్వేనా?”

అతను సిగ్గుపడ్డాడు. “వేస్తున్నారా వదినా?”

“ఆ ఖాళీ మీద రెండు పేజీలు రాశావు. అది నేను తప్పు కోసిన టేపు నాయనా. మాటలు చెత్తబుట్టలో పోయాయి.”

మరిది జాలిగా నవ్వాడు. “ఒక విధంగా చెప్పాలంటే, నువ్వు కోశాననుకుంటున్నావు వదినా. కళ నీ చేత కోయించింది.”

“నా చేత కోయించింది జ్వరం,” అని ఆమె మెట్లెక్కి వచ్చేసింది.

మర్నాడు కట్టలో అడుగున ఒక చేతిరాత ఉత్తరం కనబడింది. రాసింది బట్టల ఫ్యాక్టరీలో కాజాల మిషను మీద పనిచేసే ఆవిడ. సగం పేజీ.

‘నేను చెవిలో పాటలు పెట్టుకుని మిషను తొక్కుతాను. ఈ ఆల్బమ్ తాళం నా కాలికి బాగా కుదిరింది. కానీ నాలుగో పాటలో ఎవరో సరిగ్గా అతికించలేదు. ఆగితే ఆగొచ్చు, కానీ ఆగిన చోట తాళంలో ఒకటిన్నర దెబ్బ తక్కువైంది. అక్కడ నా కాలు తడబడి కాజా పాడవుతోంది. మళ్లీ వేసేటప్పుడు సరిచేయగలరు.’

బ్లేడక్క ఉత్తరం పట్టుకుని లేచి నిలబడింది. ఒకటిన్నర దెబ్బ! ముప్ఫై ఏళ్లలో ఆ పాటను నిజంగా విన్న మనిషి ఒక్కరు దొరికారు.

ఆ ఉత్తరాన్ని అన్నిటికంటే పైన పెట్టి మేనేజరుకు ఇచ్చింది. అతను చదివి పెదవి విరిచాడు.

“ఇది అభిప్రాయం కాదు మేడమ్, ఫిర్యాదు. తీసేయండి.”

“ఆమె చెప్పింది నిజం. ఆ తప్పు చేసింది నేనే.”

“భలేవారే! ఆ ఖాళీని చూపించే కదా మనం అమ్ముకునేది. బయట అనకండి,” అని, ఉత్తరం పక్కకు నెట్టి, నిశ్శబ్ద శ్రోతను మొదటి పేజీలోకి ఎక్కించాడు.

ఉత్తరం కింద ఫోన్ నంబరు ఉంది. భోజనాల వేళ బ్లేడక్క వరండాలోకి వెళ్లి ఫోన్ చేసింది. అవతల మిషన్ల హోరు.

“మీరు రాసిన ఒకటిన్నర దెబ్బ సంగతి... అది కోసింది నేనేనండి.”

“అయ్యో, మీరా! తిట్టడానికి చేశారా?”

“కాదు. సారీ చెబుదామని. అక్కడ రెండు వాక్యాలుండాలి. నాకింకా గుర్తున్నాయి.” చెప్పింది. “కప్పు కారే చోట నా కలల కుండ పెట్టాను, నిండేదాకా ఆగలేక నేనే పగలగొట్టాను.”

అవతల ఒక మిషను ఆగిన చప్పుడైంది.

“కలల కుండా? అప్పటిదాకా బక్కెట్టు, చీపురు అని చక్కగా చెప్పుకొస్తున్నాడు కదండీ. మధ్యలో ఈ కలల కుండేంటి? పోనిచ్చి మంచి పని చేశారు. మాటలు పోతే పోయాయి, తాళం మాత్రం పోకూడదు.”

బ్లేడక్క గోడకానుకుని నవ్వడం మొదలుపెట్టింది. దగ్గొచ్చేదాకా నవ్వింది. ముప్ఫై ఏళ్లుగా ఏదో అపురూపమైనది పోగొట్టానని కుమిలిపోయింది. తీరా చూస్తే పోయింది కుండ.

“మరి ఆరో పాట సంగతేంటండీ?” అంది అవతలి మనిషి గొంతు తగ్గించి, చాడీ చెబుతున్నట్టు. “ఆ బాకా మరీ సాగదీసినట్టు లేదూ?”

“అబ్బ, నేను ఆ రోజే మొత్తుకున్నాను. వింటేగా!” అంది బ్లేడక్క. భోజనం డబ్బా సంగతి మరిచిపోయి, వరండాలో ఒక స్టూలు లాక్కుని కూర్చుంది.