ఒక్క ప్యాకెట్‌కే మూగబోయిన డ్రైవర్

ఈ రోజు కాలేజీ ల్యాబులో నేనూ నా క్లాస్‌మేట్ సమీనా, సీనియర్లు వదిలివెళ్లిన లినక్స్ నెట్‌వర్క్ డ్రైవర్‌తో, అంటే నెట్‌వర్క్ కార్డును నడిపే ప్రోగ్రాంతో, కుస్తీ పట్టాం. సాయంత్రంలోగా నడవకపోతే ప్రాజెక్టు మార్చుకోమన్నారు సార్. అదేమో మొదటి డేటా ప్యాకెట్ అందుకోగానే మూగబోతోంది.

ప్యాకెట్ రాగానే నెట్‌వర్క్ కార్డు 'ఇంటరప్ట్' అనే సంకేతంతో ప్రాసెసర్‌ను పిలుస్తుంది. డ్రైవర్ ఆ పిలుపును కాసేపు ఆపి, వచ్చిన ప్యాకెట్లన్నీ తీసుకుని, పిలుపుకు మళ్లీ దారి తెరవాలి. ఆ తెరిచే లైను, ఒక సెట్టింగ్ ఉంటేనే చెల్లే 'ఇఫ్‌డెఫ్' షరతు లోపల దాక్కుంది. మా మిషన్‌లో ఆ సెట్టింగ్ లేదు కాబట్టి కోడ్‌ను మెషీన్ భాషలోకి మార్చే కంపైలర్ ఆ లైనును పూర్తిగా వదిలేసింది; ఒకసారి ఆగిన పిలుపు మళ్లీ తెరుచుకోలేదు.

"గిన్ని ఇఫ్‌డెఫ్‌లు ఎందుకు పెట్టిన్రే? సగం కోడ్ కంపైలర్‌కే కనవడ్తలేదు!" అంది సమీనా.

"జర ఆగు, తీసేస్తున్న గదా. పరేషాన్ గాకు," అన్నాను.

అనవసరపు షరతులు తీసేసి, ఆ లైను ప్రతిసారీ నడిచేలా చేశాం. పక్క కంప్యూటర్ నుంచి 'ఉన్నావా' అని అడిగే పింగ్ కొట్టగానే జవాబులు వరుసగా రాసాగాయి. సమీనా నా చెయ్యి పట్టుకుని, "ఆగుతనే లేదే!" అంది మెల్లగా. సార్ చూసి, ఇదే కొనసాగించమన్నారు.

మా కంటికి అందని వేగంతో ఆ చిన్న కార్డు పిలుస్తూనే ఉంది, ప్రాసెసర్ పలుకుతూనే ఉంది. ఇంటరప్ట్‌ను తెలుగులో 'అంతరాయం' అంటారట. పిలుపును అలా అనడానికి నాకు మనసొప్పడం లేదు. మీరైతే ఏ పేరు పెడతారు?