సినిమాల్లో పడిన మా తాతయ్య

మా చిన్నతనంలో... సునామీ వచ్చిన వారానికి, పోర్ట్ బ్లెయిర్‌లో ఒక స్కూల్లో పెట్టిన క్యాంపులో ఉన్నాం. నాకు తొమ్మిదేళ్లు. బాంబూఫ్లాట్‌లో మా ఇల్లు నీళ్లపాలైంది. అమ్మ, నేను, తాతయ్య కట్టుబట్టలతో బయటపడ్డాం.

మా తాతయ్య సన్యాసయ్య కుర్రతనంలో మద్రాసులో ఉండేవారు. నలుపు తెలుపు కామెడీ సినిమాల్లో కమెడియన్ మెట్ల మీంచి దొర్లాలంటే, దొర్లేది ఈయనే. గయ్యాళి అత్త బావిలో పడాలంటే, చీర కట్టుకుని దూకేదీ ఈయనే. మొహం మాత్రం కెమెరాకి కనబడకూడదు... అదే ఆ పనికి మొదటి రూలు. నడుం విరిగాక మళ్లీ పిలిచిన పాపాన పోలేదు ఎవరూ; బతుకుతెరువు కోసం ఈ దీవులకి వచ్చేశారు. ఒక్క సినిమాలోనూ పేరు వెయ్యలేదు.

ఆ చీరలో దిగిన ఒకే ఒక్క ఫోటో ట్రంకుపెట్టెలో దాచుకున్నారు. పెట్టెతో సహా సముద్రం పట్టుకుపోయింది.

ఆ రోజు క్యాంపులో ఫారాలు నింపడానికి ఒక గుమాస్తా వచ్చాడు. మన తెలుగువాడే.

"కామ్ ఏంటి తాతా? ఏం పని చేసేవాడివి?"

"సినిమా ఆర్టిస్టుని బాబూ. అదే రాయి."

"మజాక్ వద్దు. సబూత్ ఉందా, రుజువు?"

"ఫోటో ఉండీది. నీట్లో పోయినాది."

"అయితే పడి చూపించు!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. తాతయ్య నవ్వలేదు. డెబ్భై ఏళ్ల మనిషి... లుంగీ ఎగ్గట్టి వరండా మెట్లెక్కారు. "నాన్నా, వద్దు!" అని అమ్మ అరుస్తూనే ఉంది. గడ్డం గుండెకి ఆనించి, మోచేతులు ముడుచుకుని, ఐదు మెట్లూ దొర్లారు. అప్పుడు కూడా మొహం ఎవరికీ కనబడనివ్వలేదు!

క్యాంపంతా చప్పట్లు... నేనూ కొట్టాను, బుద్ధిలేకుండా.

మోచెయ్యి చీరుకుపోయి నెత్తురు కారుతోంది. లేచి అందరికీ దణ్ణం పెట్టి, "ఇప్పుడు రాయి బాబూ" అన్నారు.

గుమాస్తా నవ్వుకుంటూ హిందీలో రాశాడు. తాతయ్యకి హిందీ చదవడం రాదు. నాకు తెలుగు కంటే అదే బాగా వచ్చు. 'మజ్దూర్' అని రాశాడు... కూలీ అని.

"ఏటి రాసినాడమ్మా?"

"సినిమా ఆర్టిస్ట్ అని రాశారు తాతయ్యా."

కూలిపని తక్కువని కాదు నా మంట. అడిగి మరీ పడేలా చేసి, కళ్లారా చూసి, కడుపుబ్బా నవ్వుకుని... రెండు ముక్కలు రాయడానికి చెయ్యి రాలేదా ఆ మనిషికి? ఆ బల్ల దగ్గర ఎందుకు గొడవపెట్టలేదా అని నా మీద నాకూ కోపమే.

తాతయ్య పోయేదాకా కనబడినవాళ్లందరికీ చెప్పుకున్నారు... "గవర్నమెంటోళ్లే రాసినారు" అని. పక్కన నేను తలొంచుకుని నిలబడేదాన్ని.

ఇప్పుడు బాత్రూంలో కాలు జారినా వీడియో తీసి, కింద పేరేసి మరీ పెట్టుకుంటున్నాం. ఎముకలు విరగ్గొట్టుకుని ఊరంతటినీ నవ్వించినవాళ్లకి ఆ మాత్రం జాగా దొరకలేదు...

మీ ఇళ్లలోనూ అలాంటివాళ్లు ఉండే ఉంటారు. కింద రాయండి. పేరు, పక్కనే వాళ్ల పని... వాళ్లు చెప్పుకున్నది చెప్పుకున్నట్టే. ముందు నేను రాస్తున్నా.

సన్యాసయ్య, సినిమా ఆర్టిస్ట్.