క్యాంపు బ్యాండులో బూర ఊదినవాడు

మా నాన్న ఖతర్‌లో పనిచేసిన రోజులకు గుర్తుగా మా ఇంట్లో మిగిలింది ఒకే ఒక్క ఫోటో. తెల్ల చొక్కా, నడుముకు తెల్ల బెల్టు, మెడకు పట్టీతో వేలాడుతున్న పెద్ద డ్రమ్ము, దాని వెనక నుంచి నవ్వుతున్న ముఖం. జగిత్యాల పక్కన మా ఊళ్ళో ఇంటికి ఎవరొచ్చినా అమ్మ ఆ ఫోటో చూపించేది. "మా ఆయన దుబాయ్‌ల బ్యాండ్ల ఉండె" అనేది. అది దుబాయ్ కాదని నాన్న ఎన్నిసార్లు చెప్పినా ఆమె లెక్కచేయలేదు.

నాన్న పోయాక నేను నర్సు ఉద్యోగం మీద ఖతర్ వచ్చాను. నా భర్తది గ్యాస్ ప్లాంటులో పని. అల్ ఖోర్‌లో ఉంటాం. ఒక శుక్రవారం ఏమీ తోచక, పాత ఖతర్ ఫోటోలు పెట్టుకునే ఫేస్‌బుక్ గ్రూపులో నాన్న ఫోటో పెట్టి, ఈ బ్యాండు ఏ క్యాంపుదో ఎవరికైనా తెలుసా అని అడిగాను. తెలిసినవాళ్ళు ఉన్నారు. ఆ తర్వాత కొన్ని నెలలపాటు ఫోటోలు ఒక్కొక్కటే వచ్చాయి, వాటితోపాటు కొంత కథా వచ్చింది.

ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక లారీల కంపెనీ పనివాళ్ళు ఉండే క్యాంపు అది. క్యాంపు బాసు మన మిలిటరీలో హవల్దారుగా చేసి వచ్చినవాడు. కంపెనీ పెద్దలు చూడటానికి వచ్చినప్పుడు గేటు దగ్గర డ్రమ్ములు మోగాలని, బూరలు ఊదాలని ఆయన కోరిక. డ్యూటీ దిగి వచ్చినవాళ్ళను స్నానానికి కూడా పోనివ్వకుండా వరసలో నిలబెట్టి నేర్పించాడట. అన్నిటికన్నా పాత ఫోటోలో యూనిఫాం లేదు. కొందరు లుంగీల్లో ఉన్నారు. ఒకడి మెడలో డ్రమ్ము బదులు నూనె డబ్బా వేలాడుతోంది. వాళ్ళ మధ్యలో మిలిటరీ బ్యూగుల్ బూర చంకన పెట్టుకుని ఒక పొడుగాటి మనిషి, తక్కినవాళ్ళతో తనకేమీ సంబంధం లేదన్నట్టు గడ్డం ఎత్తి నిలబడ్డాడు. యూనిఫాం కుట్టించాక తీసిన ఫోటోలో ఆయన అందరికంటే ముందున్నాడు. మా నాన్న వెనక వరసలో ఉన్నాడు.

తర్వాతి ఫోటోలో బూర ఇంకొకరి చేతిలో ఉంది. ఆ పొడుగాటాయన వరసకు చివర, మెడలో తుండుగుడ్డతో, నీళ్ళ బకెట్ పక్కన ఉన్నాడు. ఆఖరి ఫోటోలో ఆయన లేనే లేడు. ముందు నిలబడింది మా నాన్న.

ఆ బకెట్ ఫోటోను పెద్దది చేసి చూశాను. తుండుగుడ్డ కాస్త జారింది. కింది పెదవి గడ్డానికి అతుక్కుపోయి, పళ్ళు చిగుళ్ళదాకా కనిపిస్తున్నాయి. కాలిన గాయాలకు కట్లు కట్టడం నా పని. కిందపడితేనో, ఎవరైనా కొడితేనో మూతి అలా కాదు. ఏదో తగిలి మాంసం ఉడికితేనే అలా అవుతుంది.

ఆ ఫోటో పంపినాయనది నరసాపురం. బ్యాండులో చిన్న డ్రమ్ము వాయించేవాడు. ఇప్పటికీ ఇండస్ట్రియల్ ఏరియాలోనే టైలరింగ్ షాపు పెట్టుకుని కంపెనీల యూనిఫాంలు కుడుతున్నాడు. నేనూ నా భర్తా వెళ్ళాం. ఆయన మిషను ఆపి లేచి వచ్చాడు.

"పెద్ద డ్రమ్మాయన కూతురివా! కూర్చోమ్మా, కూర్చో. ఎంత నవ్వించేవాడో మీ నాన్న!"

టీలు వచ్చాయి. నేను ఫోటో చూపించి అడిగాను. "ఈయన మూతికి ఏమైంది బాబాయ్?"

చూడగానే ఆయన పగలబడి నవ్వాడు. "వీడా! బూరోడు. తెల్లారకుండానే ఊది చంపేసేవోడు. లేవనోడి మంచం దగ్గరకెళ్ళి చెవిలో ఊదేవోడు. అప్పటికీ లేవకపోతే బాసుకి చెప్పేసేవోడు. ఓసారి ఒకాయన జొరంతో పడుంటే, నాటకమాడతన్నాడని చెప్పాడు. బాసు ఆయన్ని ఎండలో పనికి తోలేశాడు. సాయంత్రం బస్సులోంచి మోసుకొచ్చాం. తర్వాత ఇంటికి పంపించేశారు. బతికాడో లేదో తెలీదు."

"అందుకని?"

"అందుకని మీ నాన్నకి ఓ ఐడియా వచ్చింది." ఆయనకు నవ్వు ఆగలేదు. "మీ నాన్నది బ్యాటరీల రూములో డ్యూటీ కదా. గుడ్డముక్క యాసిడ్‌లో నానబెట్టి, తీసుకొచ్చి బూర మూతిలో కుక్కేశాడు. మాకందరికీ తెలుసు. తెల్లారగట్ల ముసుగులు కప్పుకుని, నవ్వాపుకుంటా పడుకున్నాం. వాడొచ్చాడు. చీకట్లో బూర నోటికి పెట్టుకుని గట్టిగా ఊదాడు." ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "బూర మోగలేదమ్మా, వాడు మోగాడు!"

నా భర్త టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్ళారు?" అన్నాను.

"వెంటనే ఎక్కడ? బాసుకి ముందు ఒళ్ళు మండిపోయింది. పెద్దలు వచ్చే వారం అది. ఇంకోడికి బూర నేర్పాలిగా? ఆ హడావిడంతా అయ్యాక తీసుకెళ్ళారు. ఇక్కడే అఘోరిస్తున్నాడమ్మా ఇప్పటికీ. బిర్కత్ అల్ అవామిర్‌లో గోడౌన్ గేటు కాపలా."

ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ చెప్పలేను. ఫోటోలు పెద్ద సైజులో ప్రింట్లు వేయించుకుని వెళ్ళాను. నా భర్త కారులోనే ఉండిపోయాడు. గేటు పక్క రేకుల గదిలో ఆయన ఒక్కడే ఉన్నాడు. నెరిసిపోయాడు కానీ గడ్డం అలాగే ఎత్తి ఉంది. ఊరు రాయచోటి పక్కన. పెదవులు కలవాల్సిన అక్షరాలు ఆయన నోట సరిగా పలకవు. నేను రాసేటప్పుడు వాటిని మామూలుగానే రాస్తున్నాను.

నేను ఎవరి కూతుర్నో చెప్పాను. ఆయన తుండుతో చొంగ తుడుచుకుని నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఆయప్ప బిడ్డవా. ఏం పని మీద వచ్చినావు?"

"జరిగింది నాకు మొన్ననే తెలిసింది చిన్నాయనా."

"తెలిస్తే?"

చేతనైన మాటే చెప్పాను. "నేను నర్సుని. మాకు తెలిసిన సర్జన్ ఉన్నాడు. ఆ మచ్చ కోసి వదులు చేస్తే పెదవి కొంచెం పైకి వస్తుంది. నేను మాట్లాడతాను."

"నీ నాయన కాల్చె, నువ్వు కుట్టేదానికి వచ్చినావా?" అన్నాడు. "ఆ జరమొచ్చినోని సంగతి గూడా చెప్పినాడా టైలరు?"

"చెప్పాడు."

"లేయనోని పేరు చెప్పేది నా డ్యూటీ. ఇప్పుడు గూడా చెప్తా. మొన్న ఈ గోడౌన్లో ఒక నేపాలీవోడు అట్టపెట్టెల వెనకాల పండుకోనుంటే చెప్పినా. వానికిప్పుడు పని ల్యా." ఆ మాటలో సిగ్గేమీ లేదు. ఏనాడో అయిపోయిన సంగతి చెప్పినట్టు చెప్పాడు. "నా మూతి కాలినాక మెస్సులో ఎవరూ పక్కన కూచోనీలేదు. ముద్ద జారి పడతాంటే వాళ్ళకు కడుపులో తిప్పుతాదంట. మరుగుదొడ్ల గోడ కాడ తినమన్యారు. తిన్యా. నీ నాయన ఆ దావన పోతా పోతా నన్ను చూసి నగేవాడు."

లోపల ఫోర్క్‌లిఫ్ట్ వెనక్కి వస్తూ కూతపెడుతోంది.

"ఎట్ల పోయినాడు నీ నాయన?"

"నిద్రలో. పొద్దున లేపితే లేవలేదు."

"నిద్రలోనా!" ఆయన నవ్వాడు. ఆ నవ్వుకు పై పెదవి ఒక్కటే కదిలింది. "నేనుంటే లేపుదును గదా."

నేను ఫోటోలు ముందు పెట్టి, ఇవి మీకోసమే తెచ్చానన్నాను. ఆయన యూనిఫాం ఫోటో ఒక్కటే తీసుకున్నాడు. పెట్టెలు కోసే కట్టర్ జేబులోంచి తీసి, టేబుల్ మీద పరిచి, ముందు నిలబడ్డ తనను మెల్లగా, బూరకు కూడా దెబ్బ తగలకుండా కోసుకున్నాడు. ఆ ముక్కను చొక్కా జేబులో పెట్టుకుని, మిగిలింది నా వైపు తోశాడు. ముందు మనిషి ఆకారంలో రంధ్రం, వెనక బ్యాండంతా నిలబడి ఉంది.

"ఇదంతా నీదే. తీసుకోని పో."

ఆ వారం అమ్మకు ఫోన్ చేశాను. అంతా చెప్తే ఆమె తాపీగా విన్నది.

"ఆ ముచ్చట నాకెరుకే బిడ్డా. కల్లు తాగినప్పుడల్లా చెప్పి నవ్వుతుండె. మూతి వంకర పెట్టి, ఆడు ఏడ్సినట్టు ఏడ్సి చూపెడుతుండె. నేను గూడ నవ్విన."

"తప్పనిపించలేదా అమ్మా?"

"ఆడు జరమొచ్చినోన్ని సావుదాంక తేలేదా మరి? సచ్చిపోయినోని మీద ఇప్పుడు నువ్వు తీర్పు చెప్తవా?" అన్నది. తర్వాత గొంతు మార్చి అడిగింది. "మీ నాయిన అందరికంటె ముంగట నిలవడ్డ ఫోటో దొరికిందంటివి గద. అది పెద్దగ చేయించి, అద్దం కట్టించి పంపు."

పంపలేదు. గ్రూపులో మాత్రం ఫోటోల కింద జరిగింది జరిగినట్టు రాశాను. నాన్న చేసిందీ, ఆ బూర ఊదినాయన చేసిందీ, బాసు చేసిందీ, ఏదీ దాచలేదు. సాయంత్రానికి దాని కింద నవ్వే బొమ్మలు వరసగా చేరాయి. ఆ రోజులే వేరు, ఆ సరదాలే వేరు అని ఒకాయన రాశాడు. మీ నాన్నగారు మహా చిలిపి అని టైలర్ రాశాడు. మర్నాడు గ్రూపు నడిపేవాళ్ళు నా రాతను తీసేశారు. కంపెనీలో ఇంకా పనిచేసేవాళ్ళకు ఇబ్బందట. ఫోటోలు మాత్రం ఉంచారు. బకెట్ ఫోటో ఇంకా అందులోనే ఉంది. అందమైన జ్ఞాపకం అని కింద ఎవరో రాశారు.

సర్జన్‌తో మాట్లాడాను. ఆ వయసులో కూడా చేయవచ్చన్నాడు. ఆ మాట చెబుదామని మరోసారి బిర్కత్ అల్ అవామిర్ వెళ్ళాను. గేటు దగ్గర కొత్త కాపలావాడు, బంగ్లాదేశ్ మనిషి, నిలబడి ఉన్నాడు. పెద్దాయన కావాలని హిందీలో అడిగాను. అతను రేకుల గది వైపు తిరిగి కేకేశాడు. లోపలి నుంచి ఆ గొంతు, సగం అక్షరాలు జారిపోయిన ఆ గొంతు, నాకు అర్థమయ్యేలా తెలుగులోనే వచ్చింది.

"ల్యాడని చెప్పు."

బంగ్లా మనిషికి తెలుగు రాదు. అయోమయంగా నా వైపు చూశాడు. తలుపు సందులోంచి ఆయన మోకాళ్ళు, వాటి మీద పెట్టుకున్న చేతులు కనిపిస్తూనే ఉన్నాయి. నేను కాసేపు ఎండలో నిలబడ్డాను. ఆయన చేతులు కదలలేదు.

కారు ఎక్కాక నా భర్త అడిగాడు. "కలిశాడా?"

"లేడట," అన్నాను.