గులాబీ కడుపులో మొగ్గ

మా చిన్నప్పుడు... ఆర్మూర్‌లో పసుపు ఉడకబెట్టే రోజులు. ఊరంతా ఘాటు వాసన. మా ఇంటి ముందు గిన్నెలు కడిగే జాలారి పక్కన ఎర్ర గులాబీ చెట్టు ఉండేది. బియ్యం కడిగిన నీళ్లన్నీ అమ్మ దానికే పోసేది.

ఆ ఏడు దానికేమైందో... ఒక కొమ్మకు ఎర్ర పువ్వుల మీద తెల్ల చారలొచ్చాయి. ఇంకో కొమ్మకు పూసినవైతే మరీ వింత. రెక్కల నడుమ నుంచి పచ్చటి కాడ, దాని కొసన ఇంకో మొగ్గ. పువ్వు కడుపు చీల్చుకుని బయటికొచ్చినట్టు. నాకు తాకాలన్నా రోత.

పక్కింటి నర్సవ్వ పెద్దమ్మ మాత్రం దాన్ని చూసి తెగ సంబరపడింది. ఆమె కోడలు పద్మ వదినకు పెళ్లై మూడేళ్లైనా పిల్లల్లేరు. కొడుకేమో పెళ్లైన నెలకే దుబాయి పోయాడు, మధ్యలో ఒక్కసారి వచ్చి వెళ్లాడు. అయినా మొక్కులు, తాయెత్తులు, చేదు కషాయాలు అన్నీ వదినకే.

"గిది కడుపుతోని ఉన్న పువ్వు. తింటె మా కోడలి కడుపు పండుతది" అంది పెద్దమ్మ.

వాకిట్లో బీడీలు చుడుతున్న ఆడవాళ్లంతా ఒళ్లోని తంబాకు చాటలు పక్కన పెట్టి చెట్టు చుట్టూ మూగారు. "తెల్ల చారలది వద్దు, ఆడపిల్ల పుడతది. నిండు ఎర్రది తెంపు" అని ఒకామె సలహా. అంగట్లో వంకాయలు ఏరినట్టు ఏరారు... థూ.

"అక్కా, పురుగు వట్టిందని మొన్ననే మందు కొట్టిన" అంది అమ్మ.

"కడిగితె పోతది తియ్యి" అంది పెద్దమ్మ.

పాలగ్లాసుతో పాటు ఆ పువ్వును వదిన చేతిలో పెట్టారు. రెక్కల్లో నల్లటి పేనుపురుగులు ఇంకా కదులుతూనే ఉన్నాయి. కళ్లు మూసుకుని నమిలింది పాపం. మింగిందో లేదో... జాలారి దగ్గర భళ్లున కక్కేసింది.

"వాంతయింది, మంచి శకునమే" అన్నారు వీళ్లు. అంతకన్నా రోత మాట నేను ఈనాటికీ వినలేదు.

వదిన మూతి తుడుచుకుని మెల్లగా అంది: "అత్తమ్మా, పువ్వులేం జేస్తయి... ముందుగాల నీ కొడుకును రమ్మను."

ఎవరి చాట వాళ్లు ఒళ్లోకి లాక్కున్నారు. ఆ సాయంత్రమే అమ్మ కొడవలి తీసుకుని, ఆ కొమ్మను మొదలంటా నరికేసింది.

ఇప్పుడు మా డాబా మీద కుండీల్లో గులాబీలున్నాయి. మొన్న ఒకదానికి అచ్చం అలాగే పువ్వులో మొగ్గ వచ్చింది. ఎండా చలీ ఒక్కసారిగా మారితే అలా పూస్తుందట, అంతే. ఈసారి రోత పుట్టలేదు, ముద్దుగానే అనిపించి ఫొటో పెట్టాను. లైకుల మీద లైకులు. ఇంతలో ఒకామె మెసేజ్... "అక్కా, మా కోడలికి కావాలి, పచ్చిగానే తినాలా?"

కాలం మారిందనుకున్నాను. మారింది ఫోనే.

మీ ఇళ్లల్లోనూ ఇట్లాంటివి జరిగే ఉంటాయి... చెప్పండి. తిన్న కోడలి పేరు వద్దు, తినిపించినవాళ్ల ముచ్చట చెప్పండి చాలు.