ఇత్తడి మేకుల బండి

మా ఆయనకు పాత బండ్ల పిచ్చి. తిరుచ్చులి దగ్గర వాళ్ళకున్న నల్లరేగడి చేలల్లో గట్టి వాన పడితే ట్రాక్టరు కూడా దిగబడిపోతుంది. నాలుగు చక్రాలూ తిరిగే పాత మిలిటరీ బండి ఒకటి ఉంటే ఆ బురదలోనూ పోవచ్చని ఎప్పుడూ అనేవాడు. బురద ఒక సాకు. విరుదునగర్‌లో మేముండే వీధిలో ఏ పాత జీపు బానెట్ ఎత్తి కనిపించినా సరే, చేతిలో పాల చెంబుతోనే అక్కడ నిలబడిపోయేవాడు. ఆయన మా అమ్మకు స్వయానా మేనల్లుడు. మా వైపు బావను కూడా మామా అనే అంటారు కాబట్టి, పెళ్ళికి ముందూ తర్వాతా నేను ఆయన్ని అలాగే పిలుస్తాను.

నాలుగేళ్ళ కిందట కోవిల్‌పట్టి నుంచి కబురొచ్చింది. ఊరి బయట మూతపడిన అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో అలాంటి బండి ఒకటి ఉందట. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీని మా వైపు ఆపీసు అంటారు. నేను పుట్టింది కోవిల్‌పట్టిలోనే. మా అమ్మ అలాంటి ఒక ఆపీసులో పని చేసింది. బడి లేని రోజుల్లో నేనూ ఆమె పక్కన కూర్చుని చట్రాల్లో పుల్లలు పేర్చాను. పాత ఊరు చూసినట్టుంటుందని ఆయనతో బయలుదేరాను.

షెడ్డు తలుపులకు అడ్డంగా సర్కారు తుమ్మ మొలిచి ఉంది. యజమాని డెబ్బై దాటిన పెద్దాయన. తానే కొడవలి పట్టుకుని కొమ్మలు నరికి దారి చేశాడు. మొదట తమిళంలోనే మాట్లాడాడు. నేను లోపలికి తొంగి చూసి, "రొంబ తుప్పు పట్టినట్టుండాదే మామా" అన్నాను. తెలుగు మాట వినగానే పెద్దాయన తలెత్తి నన్ను చూశాడు.

"మనోళ్ళేనా? ముందే చెప్పకూడదా! మా నాయన వేలంలో తీసిన బండి ఇది. శానా ఏండ్లుగా ఈడనే నిలబడుండాది."

"ఇంజను తిరుగుతాదా అయ్యా?" అని మామ అడిగాడు.

"తిరగదు. ఇరగనూ లేదు."

మామ అప్పటికే సీటులోకి ఎక్కేశాడు. గేరు కర్ర పక్కన ఇంకో రెండు పొట్టి కర్రలున్నాయి. ముందు చక్రాలకు పవర్ కలిపేది ఒకటి, బురదలో నెమ్మదిగా లాగించేది ఇంకొకటి. రెండింటినీ పట్టుకుని ఊపాడు. తర్వాత వెనక్కి వెళ్ళి, సామాను వేసే తొట్టి నేలను తుండుతో తుడిచాడు. చెక్క పలకల మధ్య పచ్చగా మేకుల తలలు బయటపడ్డాయి.

"ఇత్తడి మేకులు! ఇనుము ఒక్కటీ లేదు. ఎంత నాణెమైన పనో చూడే!"

అలాంటి మేకులు ఇంతకుముందు చూసినట్టే అనిపించింది. ఎక్కడో తెలియలేదు. "దీంట్లో ఏమి ఏసకపోయేవాళ్ళు అయ్యా?" అని పెద్దాయన్ని అడిగాను.

ఆయన నా వైపు కాక, నరికిన తుమ్మకొమ్మల వైపు చూశాడు. "కట్టెలే. పుల్లలు చీల్చేదానికి వచ్చే దుంగలు. ఇంకేముంటాయి? తీసకపోయేదైతే ఈ దినమే తీసకపోండి. షెడ్డు ఇడగొట్టేస్తా ఉండాము."

క్రేను వచ్చి బండిని లారీ మీదికి ఎక్కించేదాకా ఆయన ప్రహరీ బయటే నిలబడ్డాడు. మేము ఉన్నంతసేపూ బండి మీద చెయ్యి కూడా వెయ్యలేదు. సాత్తూరు దాటాక నాకు ఇంకో సంగతి తట్టింది. దుంగలు మోసిన పలకల మీద గాట్లుండాలి. వాటి మీద ఒక్క గీత లేదు. మామ ఎంత సంతోషంగా ఉన్నాడంటే, ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు.

బండిని కారియాపట్టి పోయే దారిలో ఒక టింకరింగ్ షెడ్డులో దించాం. దాన్ని నడిపేది మామకు చాలాకాలంగా తెలిసిన మనిషి. వాళ్ళది క్రైస్తవ కుటుంబం, ఇంట్లో మాలాగే తెలుగు. నేను ఆయన్ని అన్నా అని, ఆయన భార్యను వదినా అని పిలిచేదాన్ని. ఆయన కోయడం, అతకడం చేస్తాడు. గరుకు కాగితంతో రేకు రుద్ది రంగుకు సిద్ధం చేసేది ఆమె.

మూడు నెలలు పని బాగా సాగింది. సిలిండర్లలో డీజిలు పోసి నానబెట్టారు. రోజూ కడ్డీ పెట్టి తిప్పి చూసేవాళ్ళు. తొమ్మిదో రోజు ఇంజను ఒక్క అంగుళం కదిలింది. మామ నాకు ఫోన్ చేసి, "కదిలింది" అని చెప్పి, ఇంకేమీ మాట్లాడలేక పెట్టేశాడు. కార్బ్యురేటర్‌లో కందిరీగల గూడు దొరికితే దాన్ని జాగ్రత్తగా విప్పి ఇంటికి తెచ్చి చూపించాడు. ఆ మూడు నెలలూ ఇంట్లో ఆయన గొంతు పెరగలేదు.

నేను ఆదివారాలు అన్నం తీసుకుని షెడ్డుకు వెళ్ళేదాన్ని. మిట్టమధ్యాహ్నం రేకుల కప్పు కాగినప్పుడు ఆ బండి నుంచి ఒక వాసన వచ్చేది. తుప్పు వాసన కాదు, డీజిలు వాసనా కాదు. నేను ఎరిగిన వాసనే, ఎక్కడిదో మాత్రం గుర్తు రాలేదు. ఆ పూట నాకు అన్నం సహించేది కాదు.

ఒక ఆదివారం వెళ్ళేసరికి తొట్టి పలకలన్నీ ఊడదీసి గోడకు ఆనించారు. పలకల కింద బండికి అడ్డంగా వేసిన ఇనుప దూలాలు బయటపడ్డాయి. వెనక చివరిది తప్ప అవన్నీ లోపల బోలుగా ఉండి, పైన సందులున్నాయి. వదిన ఒక దూలాన్ని గుడ్డతో తట్టుతోంది. సందుల్లోంచి బూడిదరంగు పొడి రాలుతోంది. అన్న అవతలి వైపు కటింగ్ మెషిన్ ప్లగ్గు పెడుతున్నాడు.

ఆ పొడిని దగ్గరగా చూడగానే వాసన ఎక్కడిదో తెలిసింది. మా అమ్మ పనిచేసిన ఆపీసులో పుల్లల తలకు పెట్టే మందు కలిపే గది ఒకటి వేరుగా ఉండేది. ఆ గదిలోకి పోయేవాళ్ళు వాకిట్లోనే చెప్పులు విడవాలి. ఆడవాళ్ళు మెట్టెలు కూడా తీసి పక్కన పెట్టాలి. లోపల గరిటెలు చెక్కవి, మేకులు ఇత్తడివి. ఇనుముకు ఇనుము తగిలితే నిప్పురవ్వ పుడుతుంది.

"అన్నా, ప్లగ్గు తియ్! అది మందు!" అని అరిచాను.

మామ నవ్వాడు. "ఎన్ని ఏండ్ల దుమ్మో అది. నీకు అన్నిట్లోనూ ఆపీసే కనిపిస్తాది."

అన్న నవ్వలేదు. ప్లగ్గు తీశాడు. చిటికెడు పొడి కాగితంలోకి తీసుకుని, రోడ్డు వైపు దూరంగా పోయి, ఒక ఇటుక మీద పోసి సుత్తితో కొట్టాడు. టపాసు పేలినట్టు మోగింది. ఇటుక రెండు ముక్కలైంది. అన్న సుత్తిని కింద పెట్టి, షెడ్డులోకి వచ్చి మెయిన్ స్విచ్ ఆపేశాడు.

"ఇప్పటిదాకా ఊడ్చింది యాడ ఏసినావు వదినా?" అని అడిగాను.

ఆమె షెడ్డు వెనక చెత్తకుప్ప వైపు చూపించింది. "నిన్ననే కాల్చేసినాము. మంట ఒకేసారి బుస్సుమని లేసింది. థిన్నరు గుడ్డలనుకున్నాము." తర్వాత నెమ్మదిగా, "నేను పక్కనే ఉండాను" అంది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక, బండిని ఉన్నదున్నట్టు ఎవరూ తాకకుండా వదిలెయ్యమన్నాను. మామ ఒప్పుకోలేదు. కదలని ఇంజను కదిలిందే, ఇప్పుడు వదిలేస్తే ఎట్లా అన్నాడు. మర్నాడు అన్న కూడా ఆయన మాటే అన్నాడు. "నీళ్ళు పోస్తే చచ్చిపోతాది చెల్లీ. దినాల తరబడి కడుగుతాము. నువ్వేమీ దిగులుపడొద్దు."

నిజంగానే కడిగారు. పైపు పెట్టి సందులున్న ప్రతి దూలంలోనూ నీళ్ళు పారించారు. మొదట పాలలాగా వచ్చిన నీళ్ళు నాలుగో రోజుకు తేటపడ్డాయి. ఎండలో ఆరబెట్టారు. బుధవారం వెల్డింగ్ మొదలుపెడతామని మామ చెప్పాడు.

బుధవారం పొద్దున నేను ఇంట్లో కూర్చోలేకపోయాను. ఎవరికీ చెప్పకుండా కోవిల్‌పట్టి బస్సెక్కాను. పెద్దాయన వాకిట్లో కుర్చీలో ఉన్నాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. నేను ఎందుకు వచ్చానో అడగలేదు.

"మందు ఏసకపోయిన బండేనా అయ్యా అది?"

"అవును." ఆయన మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు. "గంధకమూ, అగ్గి రాజేసే ఉప్పు మందూ, అన్నీ దాంట్లోనే వచ్చేటివి. మూటలు కారేటివి. దాన్ని తాకాలంటే మా నాయనకే బయం. చెప్పుంటే మీరు కొనేవాళ్ళా?"

"కడిగేసినారు. ఈ దినం వెల్డింగ్ పెడతా ఉండారు."

ఆయన ముఖం మారిపోయింది. "ఎనక దూలం? ఆఖరుది? దాన్నీ కడిగినారా?"

"అది బోలు కాదు గదా. గట్టి ఇనుము."

"కాదమ్మా. దాంట్లో మందు నిండిపోతా ఉండాదని మా నాయన పైన రేకు పెట్టి, ఇత్తడి స్క్రూలు బిగించి, రంగు కొట్టించేసినాడు. చూస్తే తెలీదు."

వాకిట్లో నిలబడే మామకు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. షెడ్డులో మెషిన్ తిరిగేటప్పుడు పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. మళ్ళీ చేశాను. అన్నకు చేశాను. వదినకు చేశాను. పెద్దాయన నా ముఖం వైపే చూస్తున్నాడు. ఎన్నిసార్లు చేశానో గుర్తు లేదు. చివరికి వదిన తీసింది. నేను నోరు తెరిచేలోపే ఆమె వైపు నుంచి ఎవరెవరివో కేకలు వినిపించాయి.

"చెయ్యి," అంది. "ఆయన చెయ్యి." ఫోన్ కట్టయింది.

ఆ రోజు బస్సులో విరుదునగర్ చేరడానికి పట్టినంత సమయం నా జీవితంలో ఇంకెప్పుడూ పట్టినట్టు అనిపించలేదు. నా పక్కన ఒకావిడ మల్లెపూలు కడుతూ కూర్చుంది. ఆ పూల వాసన ఇప్పటికీ నాకు పడదు.

వెనక దూలం పేలి అన్న కుడి చెయ్యి మోచేతి దాకా కాలిపోయింది. ముఖం కుడివైపు పొక్కిపోయింది. ముఖానికి వెల్డింగ్ డాలు అడ్డం పెట్టుకున్నాడు కాబట్టి కళ్ళు దక్కాయి. మామ రెండడుగుల దూరంలో ఎడమ చెవి బండి వైపు పెట్టి నిలబడి ఉన్నాడట. ఆ చెవి ఇక పనిచెయ్యదని డాక్టరు చెప్పాడు. ఆస్పత్రి వరండాలో మామ తల వంచుకుని కూర్చున్నాడు. నేను పెద్దాయన చెప్పింది చెప్పాను. ఆయన తల ఎత్తలేదు. "నువ్వు వద్దన్నావు," అన్నాడు. అనవలసినది ఏదైనా ఉంటే, ఇత్తడి మేకులు చూసిన రోజే అని ఉండాల్సింది.

అన్నకు తొడ చర్మం తీసి చేతికి వేశారు. వాళ్ళింటికి వారానికి రెండుసార్లు వండుకుని వెళ్ళేదాన్ని. వదిన గిన్నెలు తీసుకునేది, మాట్లాడేది కాదు. కోపమనుకున్నాను. ఒకరోజు గిన్నె కడుగుతూ తానే నోరు విప్పింది.

"ఎన్ని దినాలో ఆ పొడి నేనే ఊడ్చినాను. చీపురు ఇనుముకు తగిలింది, గాజులు తగిలినాయి. నాకేమీ కాలేదు. ఎందుకు కాలేదని ఇప్పటికీ ఆలోచిస్తా ఉండాను."

ఏడు నెలలు ఆ బండి షెడ్డులో టార్పాలిన్ కింద పడి ఉంది. మామ ఆ దారిన పోవడమే మానేశాడు. చివరికి అన్నే కబురు పెట్టాడు. మేము వెళ్ళేసరికి టార్పాలిన్ తీసేసి ఉంది.

"ఇది నా ఎదురుగా ఇట్లా ఉంటే నాకు ముద్ద దిగదు," అన్నాడు మామతో. "పూర్తి చేస్తాము. లేకుంటే ఈ దినమే తీసకపో."

"ఇంక నిప్పు వద్దు," అన్నాడు మామ.

"నిప్పు పెట్టను. ఎనక దూలమంతా విప్పి పారేసి కొత్తది బోల్టులతో బిగిస్తాను. నా చేతికి ఇప్పుడు పట్టు తక్కువ. నువ్వు స్పానర్ పట్టుకో."

అలా ఇద్దరూ కలిసి ఇంకో ఐదు నెలలు పని చేశారు. ఒక్క అతుకు కూడా వెయ్యలేదు. ప్రతి దూలాన్నీ విప్పి, పొలంలో గుంట తవ్వి నీళ్ళలో నానబెట్టి, మళ్ళీ కూర్చారు. వదిన రంగు వేసింది. ఇంజను స్టార్టయిన రోజు మా నలుగురిలో ఎవరికీ నవ్వు రాలేదు. మేము ముగ్గురం దూరంగా జరిగి నిలబడి, అది తిరుగుతుంటే చూశాం. మామ ఒక్కడే లోపల కూర్చున్నాడు.

దీపావళి వచ్చే ఐప్పసి నెల వానల్లో దాన్ని చేనికి తీసుకుపోయాం. చక్రాలు సగందాకా దిగబడ్డా పొట్టి కర్ర లాగగానే బురదను తోసుకుంటూ లేచి పోయింది. గట్టు మీద నిలబడిన కూలీలు ఈల వేశారు. మామ నవ్వాడు. ప్రమాదం తర్వాత ఆయన నవ్వడం అదే మొదటిసారి. వాగు దగ్గరికి వచ్చాక నేను, "చాలు మామా, నీళ్ళు ఎక్కువగా ఉండాయి, ఆపు" అన్నాను. ఆయన ఆపలేదు. స్టీరింగ్ కుడివైపు. నేను కూర్చునేది ఆయన ఎడమ చెవి వైపు. ఇంకోసారి చెప్పి, చెయ్యి పట్టుకుని లాగాను. ఉలిక్కిపడి బ్రేకు తొక్కాడు. ముందు చక్రాలు నీళ్ళలోకి దిగి ఆగాయి.

ఇప్పుడు ఆ బండి చేని దగ్గర రేకుల కింద ఉంటుంది. మామ వారానికోసారి నడుపుతాడు. అన్న పండక్కి వచ్చినప్పుడు దాని చుట్టూ తిరిగి, బోల్టులన్నీ ఒక్కొక్కటే తట్టి చూసి పోతాడు. పిలిస్తే నేనూ ఎక్కుతాను. మా ఆడబిడ్డ పిల్లలు ఎక్కుతామంటే మాత్రం ఒప్పుకోను. కడిగి, విప్పి, మళ్ళీ కూర్చిన బండిలో ఇంకేముంటుందని మామ అడుగుతాడు. నాకు తెలియదు. ఎండ బాగా కాసిన రోజు రేకుల కిందికి వెళ్ళి కాసేపు నిలబడి, వాసన ఏమైనా వస్తుందేమోనని చూసి వస్తాను.