చెంపలో పటికబెల్లం

కడుపులో బిడ్డనూ, నోట్లో పళ్లనూ కలిపి కాపాడిన ఆ గోవిందుడికి ముందుగా వేయి దండాలు. ఆ రోజుల్లో నాకు భక్తి ఎక్కువ, ఓపిక తక్కువ. (ఇప్పుడు భక్తి అలాగే ఉంది, ఓపికే ఇంకా తగ్గింది.) తొలిచూలు, నాలుగో నెల. కూర్చుంటే లేవలేను, లేస్తే నిలబడలేను. పొద్దున్నే బ్రష్ నోట్లో పెడితే చాలు, వాంతి. అందుకని బ్రష్ మానేసి, మా ఉద్దానం ఊరి భజన మండలిలో పంచే పటికబెల్లం ముక్క చెంపలో పెట్టుకునేదాన్ని. వికారం తగ్గేది. ప్రసాదం తిన్నాక పుక్కిలించి ఉమ్మితే దోషమని చిన్నప్పుడే నేర్చుకున్నాను కనుక, ఆ తీపి రోజంతా నా పళ్ల మీదే ఉండేది. అన్ని శ్లోకాలు అప్పజెప్పే నాకు ఇది తప్పని తోచనే లేదు.

రెండు నెలలు తిరక్కుండానే చిగుళ్ల నుంచి రక్తం, ఒక దవడ వాపు. గంజి కూడా దిగడం లేదు. నేను తినకపోతే లోపలి బిడ్డకేం అందుతుందని ఏడుపొచ్చేది. మా అత్త మాత్రం, "కడుపుతో ఉన్నప్పుడు పన్ను ముట్టుకుంటే బిడ్డకి సేటు. ఓర్సుకో" అనేది. ఒక శనివారం భజనలో వాచిన దవడతో నేను పాడలేకపోతే తాళాల మామ్మ (మండలిలో తాళం ఆవిడదే) నా నోరు తెరిపించి చూసింది.

"ఏటే, పెసాదం సెంపలో దాసుకున్నావా? నానూ నీలాగే దాసుకున్నాను. నలుగురు బిడ్డలు పుట్టీసరికి పళ్లన్నీ ఎల్పోనాయి. సూడు!" అని బోసి చిగుళ్లు చూపించింది. "పద, పలాస ఎల్దాం."

"బిడ్డకేటైనా అయితేనో?" అంది అత్త.

"కూడు తినకపోతే అవదేటి?"

పలాసలో పళ్ల డాక్టరమ్మ నవ్వి, "కడుపుతో ఉన్నా వైద్యం చెయ్యొచ్చమ్మా, భయం లేదు" అని తిమ్మిరి సూది వేసి పుప్పి పన్ను బాగుచేసింది. వాంతయితే ముందు నీళ్లతో పుక్కిలించాలట, కాసేపాగి మెత్తటి బ్రష్‌తో తోముకోవాలట, తీపి తిన్న ప్రతిసారీ నోరు కడుక్కోవాలట.

"మరి ప్రసాదమైతే? దోషం కాదా?" అన్నాను, మొద్దుబారిన పెదవితోనే.

డాక్టరమ్మ మామ్మ వైపు తిరిగింది. మామ్మ ఉమ్మే గిన్నె నా చేతికిచ్చి, "దోసం నాను మోత్తానులే. నువ్వు ఉమ్ము!" అంది.

ఆ బిడ్డ ఇప్పుడు బడికెళ్తోంది. మామ్మ లేదు, నా దోషాన్ని తనతోనే తీసుకెళ్లిపోయింది. భజనలో ప్రసాదం పళ్లెం పక్కన నీళ్ల చెంబు పెట్టే పని నాది. కడుపుతో ఉన్న అమ్మాయిలు అనుమానంగా చూస్తే, "నాను మోత్తానులే" అంటాను. అలా ఎందరి దోషాలు నా నెత్తినున్నాయో! ఆ బరువు కాస్త దించమని నాతోపాటు మీరూ గోవిందుడికి ఒక్క దండం పెట్టండి. నోరు పుక్కిలించాకే సుమా.